ఉంగుటూరు దాటాక

మా బావ చేపల వ్యాపారి. తాడేపల్లిగూడెంలో నేను పాఠాలు చెప్పే కాలేజీలో ఈ సంగతి తెలిసిన రోజు నుంచి తోటి లెక్చరర్లకి నా మీద గౌరవం పెరిగింది. నిజానికి ఆ గౌరవం పీహెచ్‌డీ వల్ల రావాలి. పీహెచ్‌డీ రాలేదు కాబట్టి చేపల వల్ల వచ్చింది.

బావ ప్యాకింగ్ షెడ్డు గుండుగొలనులో హైవేని ఆనుకుని ఉండేది. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పొద్దున్నే పట్టిన శీలావతులూ బొచ్చెలూ ఎండెక్కేలోపు అక్కడికి చేరేవి. ప్లాస్టిక్ ట్రేలో ఒక వరస చేప, దాని మీద ఐసు పొడి, మళ్ళీ చేప, మళ్ళీ ఐసు. మధ్యాహ్నం దాటాక ట్రేలన్నీ లారీకెక్కి, పైన బరకం కట్టుకుని, హౌరా వైపు బయల్దేరేవి. దారిలో ఐసు కరుగుతుంది. ఇది నేను మెకానికల్ ఇంజనీరింగు చదివి కనిపెట్టిన విషయం కాదు, అందరికీ తెలిసిందే. కరిగిన నీళ్ళు లారీ చెక్కల సందుల్లోంచి రోడ్డు మీద పడతాయి. ఉత్త నీళ్ళయితే మా ఎండలకి నిమిషంలో ఆరిపోతాయి. ఇవి చేప జిగురు కలిసిన నీసునీళ్ళు. తారు మీద సబ్బు అరగదీసినట్టు పరుచుకుంటాయి. నాలుగు చక్రాల వాళ్ళకి వాసనతో పోయేది, రెండు చక్రాల వాళ్ళకి అంత సులువుగా పోయేది కాదు.

మా అక్క ఉంగుటూరు హైస్కూల్లో లెక్కల టీచరు. గుండుగొలను నుంచి మోపెడ్ మీద వెళ్ళి వచ్చేది. హైవే మీద చీర కొంగు నడుముకి బిగించి, హెల్మెట్ పెట్టుకుని ఒక ఆడమనిషి పోతుంటే ఆ రోజుల్లో భీమడోలు సెంటర్లో టీ తాగేవాళ్ళు గ్లాసు పక్కన పెట్టి చూసేవారట. "వాళ్ళ టీ చల్లారిపోతోందిరా పాపం" అనేది అక్క. ఆ బండి నేర్చుకోవడానికి ఆవిడ అత్తగారితో ఒక ఏడాది, బావతో ఇంకో ఏడాది మాట్లాడకుండా ఉండాల్సి వచ్చింది. బండి తనది, దారి తనది, బడికి వెళ్ళే ఆ ముప్పావుగంట తనది. ఇంట్లో మిగిలినవన్నీ చేపలవే.

ఒక సాయంత్రం బడి నుంచి వస్తూ కైకరం దగ్గర జారి పడింది. ఆస్పత్రిలో నన్ను చూడగానే చెప్పిన మొదటి మాట "నా తప్పు లేదురా, నేను బ్రేకు కూడా వెయ్యలేదు" అని. మోకాలి కింద ఎముక విరిగింది. ఏలూరులో ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. ఆ నీళ్ళు ఎవరి లారీవో తెలీదు. రోజూ ఎన్నో లారీలు పోతాయి. "ఎన్నో లారీలు పోతాయి బావా, ఎవరిదని చెప్తాం" అని మా బావ కూడా నాతో అన్నాడు. ఎవరూ అడగలేదు. అయినా వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు.

కాలు అతికింది గానీ అక్క బండెక్కడం మానేసింది. గుండుగొలనులో ఆగే బస్సులు తక్కువ, ఆగినా నిలబడే చోటే. రాడ్డు ఉన్న కాలితో నిలబడితే ఉంగుటూరు చేరేసరికి మొహం తెల్లబడేది. షేర్ ఆటోలో ఆ కాలు ముడవడానికి రాదు, చాపడానికి పక్కవాళ్ళు ఒప్పుకోరు. ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి మోపెడ్ మీది గుడ్డ తీసి, తుడిచి, స్టార్ట్ చేసింది. గేటు దాకా వచ్చింది. గేటు ముందు పనమ్మాయి చల్లిన కళ్ళాపి ఇంకా తడిగా ఉంది. అక్క అక్కడే ఆగి, రెండు కాళ్ళూ కింద పెట్టి, కాసేపు దాన్ని చూసి, బండిని వెనక్కి నెట్టుకుంటూ వచ్చేసింది.

"వచ్చే ఏడాది మానేస్తానురా" అంది లోపలికొచ్చి. "బస్సులో వెళ్ళలేను, బండెక్కలేను. ఇంట్లో కూర్చుని మీ బావ ట్రేలు లెక్కపెడతాను. లెక్కలేగా, ఎక్కడైనా ఒకటే."

అక్క జోకులు వేసినప్పుడు నేను నవ్వను. ఆ పని నాది కాబట్టి ఆవిడ అందులోకి దిగిందంటే పరిస్థితి బాగోలేదని అర్థం.

ఏలూరు వన్ టౌన్‌లో నా స్నేహితుడికి రేకు పని చేసే షెడ్డు ఉంది, సాయిబు షెడ్డు అంటారు. వాళ్ళ తాత నీళ్ళ బకెట్లు, వాళ్ళ నాన్న లారీలకి తలుపులు, వీడు ఏదంటే అది. ఇంటర్ దాకా నేనూ వాడూ ఒకే బెంచీ. తర్వాత నేను ఇంజనీరింగుకి వెళ్ళాను, వాడు పనిలోకి వెళ్ళాడు. ఇద్దర్నీ పక్కపక్కన చూస్తే ఎవరు దేనికి వెళ్ళారో ఇట్టే తెలిసిపోతుంది. సొంతిల్లు కట్టుకున్నది వాడు.

అక్క సంగతి చెప్తే సుత్తి పక్కన పెట్టాడు. చిన్నప్పుడు మా ఇంటికొచ్చినప్పుడల్లా వాడికి లెక్కలు చెప్పింది అక్కే. "నీకు చెప్పినా వృథానే, వాడికైనా వస్తుందేమో" అని నన్ను పక్కన కూర్చోబెట్టి మరీ చెప్పేది.

"నీళ్ళు పడకుండా ఆపాలి, అంతేగా మేష్టారూ" అన్నాడు. నేను లెక్చరర్నయ్యాక వాడు నన్ను మేష్టారూ అంటాడు. అందులో గౌరవం ఎంతో వెటకారం ఎంతో నేను ఎప్పుడూ తేల్చుకోలేదు.

మొదట బావ లారీ ఒకదాంట్లో ట్రేల కింద ఊక బస్తాలు పరిచాం. ఊక నీళ్ళు పీలుస్తుందని నా సిద్ధాంతం. పీల్చింది. పీల్చి ఉబ్బి, బస్తాలు పగిలి, భీమడోలు దాటేసరికి రోడ్డు మీద నీళ్ళతోపాటు ఊక కూడా పడింది. దాన్ని ప్రగతి అనలేం. తర్వాత మందపాటి ప్లాస్టిక్ పట్టా వేశాం. ట్రేల మూలలు దాన్ని ఒక్క ట్రిప్పులో జల్లెడ చేశాయి. "నీ చదువుకి పెట్టిన డబ్బుతో మీ నాన్న ఓ లారీ కొనుండాల్సింది" అన్నాడు మావాడు, పట్టా చుట్టి మూల పడేస్తూ.

మూడోసారి కుదిరింది. లారీ బాడీ కింద వెనక్కి వాలుగా ఒక రేకు పళ్ళెం. ఎక్కడ కారినా నీళ్ళు దాంట్లోకే రావాలి. పళ్ళెం చివర పైపు, పైపు చివర ఛాసిస్‌కి బిగించిన పాత ఆయిలు డ్రమ్ము, డ్రమ్ముకి ఎడమ పక్క అడుగున ఒక పెద్ద ట్యాపు. ఎడమ పక్కన ఎందుకంటే, నిండినప్పుడు డ్రైవరు లారీని రోడ్డు దింపి ఆపి, పక్కనున్న మురుగు బోదెలోకి వొంపుకోవాలని. ట్యాపు పిడికి మావాడు ఎర్ర రంగు వేశాడు, దూరం నుంచే తెరిచుందో మూసుందో కనపడాలని. పిడి అడ్డంగా ఉంటే మూసినట్టు, నిలువుగా ఉంటే తీసినట్టు. ఆ రంగు ఆరేదాకా పక్కనే కూర్చుని విసనకర్రతో విసిరాడు. పెళ్ళికూతుర్ని చేస్తున్నావా అంటే, "అవును, కొల్లేరు అల్లుడికిస్తున్నాం" అన్నాడు.

లారీకి ఇవన్నీ బిగించడానికి బావ ఒప్పుకుంటాడా అని నాకు అనుమానం. భోజనాల దగ్గర, అక్క వడ్డిస్తుండగా అడిగాను. బావ చెయ్యి కంచంలోనే ఆపి, "మీ అక్క బండెక్కుతుందంటే ఒక లారీ ఏంటి బావా, అన్నిటికీ పెట్టిస్తా. నావే కాదు, గుండుగొలనులో షెడ్లన్నిటి చేతా పెట్టిస్తా" అన్నాడు. అక్క వడ్డించడం ఆపి ఆయన్ని చూసింది. ఆ చూపు నేను వాళ్ళ పెళ్ళిలో కూడా చూడలేదు.

అన్నంత పనీ చేశాడు. మిగతా షెడ్లవాళ్ళు మొదట నసిగారు గానీ, ఐసు ఫ్యాక్టరీ మా బావది. ఎండాకాలం ముందు ఐసు ఫ్యాక్టరీ యజమానితో నసిగే చేపల వ్యాపారి ఉండడు.

మొదటి లారీ నిండాక షెడ్డు ముందు పరీక్ష పెట్టాం. మావాడు రోడ్డు మీద పాత న్యూస్‌పేపర్లు పరిచి వాటి మీదుగా లారీని నడిపించమన్నాడు. డ్రైవరు పెదపాడు మనిషి, నెమ్మదస్తుడు. "పేపరు తొక్కొచ్చాండీ, సరస్వతి కదండీ" అన్నాడు. "రాజకీయాల పేజీలే పరిచాను, తొక్కండి" అన్నాడు మావాడు. లారీ వెళ్ళింది. పేపర్ల మీద టైరు మరకలు తప్ప తడి లేదు. అక్క చేతికర్ర సాయంతో వచ్చి, వంగి, తారు రోడ్డు మీద వేలు పెట్టి రాసి చూసింది, అద్దం మీద దుమ్ము చూసినట్టు. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"వాసన కూడా లేదురా" అంది మావాడితో. వాడు ఆ రోజంతా ఆ ముక్క పట్టుకుని తిరిగాడు.

తర్వాతి సోమవారం అక్క బండెక్కింది. మొదటిరోజు నేను కాలేజీకి సెలవు పెట్టి వెనకాలే బావ స్కూటర్ మీద వెళ్ళాను. పుళ్ళ, కైకరం, చేబ్రోలు. కైకరం దగ్గర పడిన చోట వేగం తగ్గించింది, ఆగలేదు. ఉంగుటూరు స్కూలు గేటులో బండి ఆపి, హెల్మెట్ తీసి, "ఇంక నువ్వు వెళ్ళరా, పిల్లలు చూస్తే నవ్వుతారు, పోలీసుల్ని వెంటేసుకొచ్చానని" అంది. చెమటతో జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. మనిషి వెలిగిపోతోంది.

ఆ ఏడు రోడ్డు భద్రతా వారోత్సవాల్లో ఏలూరులో బావకి శాలువా కప్పారు. ఒక పెద్దాయన మైకు ముందు "సామాన్య వ్యాపారి అసామాన్య ఆవిష్కరణ" అన్నాడు. బావ కూడా రెండు మాటలు మాట్లాడాడు. "ఇంట్లో ఆడవాళ్ళు క్షేమంగా ఇల్లు చేరడమే నాకు ఆవిష్కరణ" అన్నాడు. చప్పట్లు బాగా పడ్డాయి. చివర్లో "మా బావమరిది కూడా కొంత సాయం చేశాడు" అన్నాడు. నేను రెండో వరసలో లేచి నిలబడి మళ్ళీ కూర్చున్నాను. నా పక్క కుర్చీలో మావాడు లేవలేదు, వాడి ప్రస్తావన రాలేదు కాబట్టి. "నువ్వు బాగా లేచావు మేష్టారూ, వెనకవాళ్ళకి కూడా కనపడ్డావు" అన్నాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు దారిలో ఇద్దరం మిర్చి బజ్జీలు తిన్నాం. మాకు కోపం లేదు. అక్క రోజూ బడికి వెళ్తోంది, అది చాలనుకున్నాం. ఎండాకాలం, వానాకాలం కూడా వెళ్ళింది. మానేస్తానన్న మాట మళ్ళీ ఎత్తలేదు. టెన్త్ పిల్లలకి ఆదివారం క్లాసులు కూడా పెట్టుకుంది.

నేను ఏలూరు నుంచి గూడెం రైల్లో వెళ్ళి రైల్లో వస్తాను. నెలవారీ పాసు, కిటికీ పక్క సీటు, దానికో పేకాట బృందం. ఉంగుటూరు దాటాక హైవే ఎలా ఉంటుందో నాకు తెలిసే అవకాశం లేదు. తెలిసినవాళ్ళు నాకు చెప్పలేదు.

ఒకరోజు క్లాసులో ఉండగా ప్యూన్ వచ్చి గూడెం ఆస్పత్రి నుంచి ఫోనన్నాడు. వెళ్తే మావాడు మంచం మీద ఉన్నాడు. కుడి మణికట్టుకి పిండికట్టు, చెంప గీరుకుపోయింది, చొక్కా నిండా నీసు వాసన. గూడెంలో రేకు కొనడానికి బండి మీద వస్తూ నాచుగుంట దగ్గర పడ్డాడు.

"ఎలా పడ్డావురా?"

"మన లారీ వెనకాల వస్తున్నాను" అన్నాడు. "పిడి నిలువుగా కనపడింది. ఎర్రగా, చక్కగా. ధారగా పోతోంది. కుదుపులకి ఊడి తెరుచుకుందేమో, నా బిగింపే సరిగా లేదేమో అని సిగ్గేసింది. డ్రైవరుకి చెబుదామని ఎడమపక్క నుంచి ముందుకి పోబోయాను."

ఎడమపక్కే ట్యాపు. టూవీలర్లు పోయేదీ ఎడమపక్కే. ఇంతకుముందు లారీ అంతటా చుక్కలు చుక్కలుగా రాలే నీళ్ళు, ఇప్పుడు గుండుగొలను నుంచి పోగుపడి, ఒకే చోట, ఒకే గీతలో, సరిగ్గా బండ్లు పోయే వార మీద పడుతున్నాయి. మేం నీళ్ళని ఆపలేదు. వాటికో దారి చూపించాం.

"బిగింపు ఊడిందంటావా?" అన్నాను.

"పడ్డాక, రోడ్డు మీద పడుకునే చూశాను. ఇంకో లారీ పోయింది. ఆ వెనక ఇంకోటి. వేరే షెడ్డువి. అన్నిటికీ నిలువుగానే ఉంది." వాడు ఎడంచేత్తో గాలిలో పిడి తిప్పి చూపించాడు. "అన్ని బిగింపులూ ఒకే ఊళ్ళో ఊడవు కదరా."

ఆ మాటలో మేష్టారూ లేదు.

మర్నాడు మధ్యాహ్నం గుండుగొలను వెళ్ళాను. బావ ఐసు ఫ్యాక్టరీలో ఉన్నాడు. షెడ్డు ముందు పెదపాడు డ్రైవరు టైర్లకి సుత్తితో కొట్టి గాలి చూసుకుంటున్నాడు. ట్యాపు ఎందుకు తీస్తున్నారండీ అని అడిగాను, ఏదో మామూలుగా అడిగినట్టు.

"ఏవండీ, మీకు తెలీదాండీ?" అని ఆశ్చర్యపోయాడు. "ఉంగుటూరు స్కూలు దాటేదాకా ముట్టుకోవద్దన్నారండి. అమ్మగారు ఆ దారినే వస్తారు కదండీ. చుక్క పడితే ఉద్యోగం ఉండదన్నారు. మేమంతా అమ్మగారి రోడ్డు అనుకుంటామండి దాన్ని."

"దాటాక?"

"దాటాక తీసేసుకోమన్నారండి. ఆపక్కర్లేదు, నడుస్తానే వొదిలెయ్యమన్నారు. అన్ని షెడ్లవాళ్ళకీ అదే ఆర్డరండి." నా మొహంలో ఏం కనపడిందో, గొంతు తగ్గించాడు. "మొదటి వారం నుంచీ అంతేనండి."

మొదటి వారం నుంచీ. అంటే శాలువా కప్పుకున్న రోజున కూడా.

బావ వచ్చాడు. ఐసు పొడి చేసే మిషన్ గోలలో గట్టిగా మాట్లాడాల్సొచ్చింది, అందువల్ల మేం పోట్లాడుకుంటున్నట్టు కనిపించింది. నిజానికి బావ పోట్లాడే మనిషి కాడు. ఆయనకి కోపమొచ్చిన దాఖలా లేదు.

"డ్రమ్ము నిండితే ఆపాలి బావా. ఆపి వొంపాలి. మనం ఆపితే వెనక ఆకివీడు లారీ ముందుకెళ్ళిపోద్ది. హౌరాలో ముందు దిగిన చేపనే చేపంటారు, తర్వాత దిగినదాన్ని కంపంటారు."

"అయితే పెట్టిస్తానని ఎందుకన్నారు?"

"పెట్టించానుగా. మీ అక్క కోసం పెట్టించాను. మీ అక్క దాకా పెట్టించాను." ఆయన నిజంగానే అర్థం కానట్టు చూశాడు. "నువ్వడిగింది అదేగా? అక్క బండెక్కాలన్నావు. ఎక్కింది. ఒక్క చుక్క పడిందేమో అడుగు."

"ఉంగుటూరు దాటాక మనుషులు ఉండరా?"

"మనవాళ్ళెవరున్నారు అటు?"

"నేనున్నాను. గూడెం వెళ్తాను రోజూ."

"నువ్వు రైల్లో కదా వెళ్తావు" అన్నాడు బావ, ఎంతో ప్రేమగా.

నేను హాస్యం మీద బతికే మనిషిని. క్లాసులో, రైల్లో, పెళ్ళిళ్ళలో నా చేత ఏదో ఒకటి అనిపించుకోవడానికి జనం ఎదురుచూస్తారు. ఆ మాటకి నేను చొక్కా జేబు తడుముకున్నాను, పాసు అందులోనే ఉంది. ఆయన నా రైలు పాసు సహా అన్నీ ఆలోచించే చేశాడు. మావాడొక్కడి గురించే ఆలోచించలేదు. "మీ సాయిబు అటు తిరుగుతాడని నాకు ముందే తెలిస్తే అక్కడి దాకా కూడా తియ్యొద్దని చెప్పేవాణ్ణిగా" అన్నాడు. ఆస్పత్రి ఖర్చు పెట్టుకుంటానన్నాడు. తిరిగి వెళ్ళేటప్పుడు ఒక ట్రే చేప బస్సెక్కించబోయాడు. వద్దన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. ఆ రోజు ఆయనకి తగిలిన దెబ్బ అదొక్కటే.

అక్కకి చెప్పాలా వద్దా అని మావాడి మంచం పక్కన కూర్చుని తర్జనభర్జన పడ్డాం. అప్పటికి వాణ్ణి ఏలూరు తీసుకొచ్చేశాం. చెప్తే బండి దిగిపోతుంది, దిగితే బడి పోతుంది. "చెప్పొద్దురా" అన్నాడు వాడు. "నా చెయ్యి ఎలాగూ విరిగింది. అక్క కాలన్నా నడవనీ." తను పడ్డానన్న కోపం కంటే, తన ఎర్రపిడి చేత ఆ పని చేయించారన్నదే వాడికి ఎక్కువ బాధగా ఉంది. డ్రమ్ములన్నీ పీకేసి తెచ్చెయ్యమని రెండు మూడుసార్లు అడిగాడు.

అక్క ఆ శనివారమే బత్తాయిలు పట్టుకుని చూడటానికొచ్చింది. వాడి మంచం పక్క కుర్చీలో కూర్చుని, బత్తాయి వొలుస్తూ అడిగింది.

"ఎక్కడ పడ్డావురా?"

"నాచుగుంట దగ్గరక్కా."

"వానేం లేదే. దేని మీద జారావు?"

వాడు నన్ను చూశాడు. నేను ఫ్యాను చూశాను. ఫ్యానులో చూడ్డానికి ఏమీ లేదు, కరెంటు లేక ఆగిపోయి ఉంది.

అక్క బత్తాయి తొన తెల్లపొర తీస్తూ ఉండిపోయింది. లెక్కల టీచర్ని ముందు కూర్చోబెట్టుకుని రెండంకెలు చెప్పి మూడోది దాచడం మంచి ఆలోచన కాదు. నాచుగుంట ఉంగుటూరుకి అవతల. వాడి చొక్కా ఉతికి దండెం మీద వేసున్నా నీసు వాసన పోలేదు. మేమిద్దరం నోరు మెదపడం లేదు.

"రోజూ సాయంత్రం నేను బడి గేటులోంచి బండి తీసేటప్పుడు," అంది నెమ్మదిగా, "గూడెం వైపు పోయే లారీ గేటు దాటగానే స్లో అయ్యేది. స్కూలు కదా, పిల్లల కోసం అనుకున్నాను. హారన్ కూడా కొట్టేవాళ్ళు కాదు. మంచి డ్రైవర్లు అని స్టాఫ్ రూములో చెప్పాను కూడా." తొన వాడి ఎడంచేతిలో పెట్టింది. "క్లీనరు దిగేవాడు. ఎందుకు దిగుతున్నాడా అని ఎప్పుడూ తిరిగి చూళ్ళేదురా."

ఆవిడ ఇంకో బత్తాయి తీసుకుంది.

ఆదివారం నన్ను భోజనానికి రమ్మంది. వెళ్ళాను, వెళ్ళకుండా ఉండటానికి కారణం వెతికి దొరక్క. చేప వండలేదు. ఆ ఇంట్లో పప్పూ వంకాయా తప్ప ఏం లేని భోజనం నేను ఎరగను. బావ కంచం చూసి, నన్ను చూసి, పప్పు కలుపుకోవడం మొదలుపెట్టాడు.

"ఏవండీ," అంది అక్క నెయ్యి వేస్తూ, "ఉంగుటూరు దాటాక ట్యాపు తీయిస్తున్నారా?"

"తినేటప్పుడు ఎందుకిప్పుడు" అన్నాడు బావ.

"తిన్నాక అయితే చెప్తారా?"

"నీకేమైనా ఇబ్బంది అయ్యిందా? నీ రోడ్డు మీద పడిందా?"

"పడలేదు."

"మరి?"

"అదేనండీ అడుగుతున్నాను. నా రోడ్డు మీద పడలేదు."

బావ నా వైపు తిరిగాడు, నేనే చెప్పానన్నట్టు. నేను వంకాయ ముక్క మీద మనసు పెట్టాను. కాసేపటికి "సరే, ఇకనుంచి తియ్యొద్దంటాను, తినండి" అన్నాడు. అన్నాడే గానీ, ఆ మాట అన్న తీరులో, మొదటిసారి అదే పీట మీద కూర్చుని "అన్నిటికీ పెట్టిస్తా" అన్న తీరులో తేడా ఏదైనా దొరుకుతుందేమో అని వెతికాను. ఏం లేదు. అంతే తియ్యగా అన్నాడు. నాకు ఆయన మీద నమ్మకం పూర్తిగా పోయింది ఆ క్షణంలోనే. అబద్ధం ఆడేటప్పుడు మనిషి గొంతు కొంచెమైనా మారాలి కదా అని, అంతవరకూ నాకో నమ్మకం ఉండేది.

తర్వాత ఒకరోజు రైలు మానేసి బస్సులో గూడెం వెళ్ళాను, చూద్దామని. నాచుగుంట దగ్గర ఎడమ వార తడిగానే ఉంది. ఎవరి లారీదో తెలీదు. రోజూ ఎన్నో లారీలు పోతాయి.

ఆ ఆదివారం భోజనం మర్నాడు, సోమవారం, నేను గుండుగొలనులోనే ఉన్నాను, రాత్రి వాళ్ళింట్లోనే ఉండిపోయి. పొద్దున్నే అక్క హ్యాండ్‌బ్యాగు, క్యారియరు పట్టుకుని బయటికొచ్చింది. మోపెడ్ వసారాలో ఉంది, ట్యాంకు నిండా పెట్రోలుంది. దాని పక్కనుంచి నడిచి వెళ్ళిపోయింది. నేను వెనకాల బస్టాపు దాకా వెళ్ళాను.

"మళ్ళీ భయం పట్టుకుందా అక్కా?" అన్నాను. "నీ దారిలో నీళ్ళు పడవుగా. ఆయన ఆ ఒక్కటీ నిలబెట్టుకుంటాడు."

"తెలుసురా" అంది. "అప్పుడు జారతానేమోనని ఎక్కలేదు. ఇప్పుడు జారనని తెలిసి ఎక్కలేకపోతున్నాను."

బావ కారు తీసుకుని వచ్చి మా పక్కన ఆపాడు. అద్దం దించి, "స్కూలు దగ్గర దింపేస్తాను, ఎక్కు" అన్నాడు. "కాలు నొప్పి పుడుతుంది, నిలబడలేవు." నిజంగానే దిగులుగా అన్నాడు. ఆయనకి అక్కంటే ప్రాణం, ఇందులో నాకు ఎప్పుడూ అనుమానం లేదు.

"మీరు వెళ్ళండి" అంది అక్క. "మీకు లోడింగు టైమవుతుంది."

బస్సొచ్చింది. నిండుగా ఉంది, ఫుట్‌బోర్డు మీద కూడా మనుషులు. మెట్టు ఎత్తుగా ఉంది, అక్క రాడ్డు కాలు ముందు పెట్టబోయి, ఆగి, రెండోది పెట్టింది. లోపలి నుంచి ఎవరో పెద్దావిడ చెయ్యి అందించింది. కండక్టరు "లోపలికి జరగండమ్మా, జరగండి" అని అరిచాడు. లోపల జరగడానికి చోటు లేదు. అక్క పైనున్న రాడ్డు పట్టుకుని, ఒక కాలి మీద బరువంతా వేసి, నిలబడింది.